అక్క కోసం చేసిన రెండో పన్ను

నా టేబుల్ సొరుగులో, గుండుసూదుల డబ్బాలో, దూదిలో చుట్టిన పన్ను ఒకటి ఉంది. పైవరసలో ఎడమవైపు ముందు పన్ను. దాని మీద అడ్డంగా గోధుమరంగు చార, ఆ చార కింద ఇంకో సన్న గీత. తెలియనివాళ్ళు చూస్తే పాడైపోయిన పన్ను అనుకుంటారు. ఒకసారి మా ల్యాబ్ ఊడ్చే ఆమె దాన్ని చెత్తబుట్టలో వేయబోయింది. ఆ రోజు నేను అరిచిన అరుపుకి ఆమె రెండు రోజులు పనికి రాలేదు, నేనే ఇంటికి వెళ్ళి బతిమాలుకోవాల్సి వచ్చింది. అది పాడైన పన్ను కాదు. ఇన్నేళ్ళలో నా చేతుల మీదుగా వెళ్ళిన వాటన్నిటిలోకీ బాగా కుదిరింది అదే. దాన్ని పెట్టుకోవాల్సిన మనిషి మాత్రం లేదు.

నేను పళ్ళ డాక్టర్ని కాను. డాక్టరు కొలత తీసి పంపితే ఆ కొలతకి పన్ను చేసి ఇచ్చేవాణ్ణి. కల్లూరులో వెల్డింగ్ షాపుకీ పిండిమరకీ మధ్య మా ల్యాబ్. పిండిమర ఆడుతున్నంతసేపూ మా బల్లలు కూడా సన్నగా వణుకుతుంటాయి. ల్యాబ్ యజమాని కడప నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన సాయిబు. డెబ్భై దగ్గర పడింది, చెయ్యి ఇంకా వణకదు. నాకు పని నేర్పింది ఆయనే. ఊళ్ళో అందరూ ఆయన్ని భాయ్ అంటారు, నేనూ అంతే. రంగు సరిచూడ్డానికి డాక్టర్లు మనుషుల్ని మా దగ్గరికి పంపిస్తే, భాయ్ వాళ్ళ పళ్ళు చూసి ఏ ఊరి నీళ్ళు తాగి పెరిగారో చెప్పేవాడు. మా వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. చిన్నప్పుడు ఆ నీళ్ళు తాగినవాళ్ళ పళ్ళ మీద ఆ చారలు పడతాయి, ఎంత తోమినా పోవు. ఒక్కో ఊరికి ఒక్కో తీరు. నేను పనిలో చేరడానికి వచ్చిన రోజు నన్ను నోరు తెరవమని, చూసి, పత్తికొండ దాటినాక ఏ ఊరప్పా అని అడిగాడు. అంతకుముందు నేను మా ఊరి పేరు చెప్పనే లేదు.

అవే చారలు మా అక్కకీ ఉండేవి. అక్క నాకంటే నాలుగేళ్ళు పెద్దది. మా అమ్మ పోయేనాటికి నాకు తొమ్మిదేళ్ళు, దానికి పదమూడు. ఆ తర్వాత నా జుట్టు దువ్వింది, జొన్నరొట్టె తట్టి పెట్టింది, ఎక్కాలు అప్పజెప్పించుకున్నది అంతా అదే. దానికి నవ్వు ఎక్కువ. ఎవరైనా తుమ్మినా నవ్వేది. నవ్వొచ్చిన ప్రతిసారీ కుడిచెయ్యి ఎగిరొచ్చి నోటికి అడ్డం పడేది. పెళ్ళిచూపులకి ముందే ఎవరో ఏదో అని ఉంటారు, ఆ చెయ్యి అలవాటైపోయింది. దాని ఫోటోలన్నిటిలో నోరు మూసుకునైనా ఉంటుంది, చెయ్యి అడ్డమైనా ఉంటుంది. నేను మాత్రం ఆ చేతి వెనకనుంచి వచ్చే నవ్వు వినే పెరిగాను.

దాన్ని రాజంపేట దగ్గరి ఊరికి ఇచ్చారు. నిమ్మతోట, అరటితోట ఉన్న ఇల్లు. మంచివాళ్ళే, ఆ మాట ముందే చెప్పాలి. బావ దాని మీద చెయ్యెత్తింది లేదు, మాట తూలింది లేదు. కాకపోతే ఆ ఇంట్లో పని తెమలదు, తెమలని పనిలోంచి మనిషి బయటికి రావాలంటే ఒక కారణం కావాలి, ఆ కారణానికి ఎన్ని రోజులు పడుతుందో కూడా చెప్పాలి. మా నాన్న కూడా పోయాక పుట్టిల్లంటే కల్లూరులో నా అద్దె గదే మిగిలింది. తమ్ముణ్ణి ఒకసారి చూసి రావాలని ఉందంటే అది అక్కడ కారణం కిందికి రాదు. ఫోన్‌లో చూస్తానే ఉండావు కదా అనేవాళ్ళు. అందులో అబద్ధం కూడా లేదు.

ఇక మా పని గురించి కొంచెం చెప్పకపోతే తర్వాతిది అర్థం కాదు.

ఇప్పుడు మేం చేసే పళ్ళు జిర్కోనియావి. పింగాణీ జాతిదే కానీ దానికంటే చాలా గట్టిది. మా దగ్గరికి గుండ్రటి తెల్లని బిళ్ళగా వస్తుంది, అప్పుడది సుద్దముక్కతో సమానం, గోటితో గీకినా రాలుతుంది. ఆ బిళ్ళలోంచి యంత్రం పన్ను చెక్కుతుంది, ఉండాల్సినదానికంటే పెద్దదిగా. బట్టీలో కాలినప్పుడు అన్నివైపులా ఐదో వంతు దాకా కుంచించుకుపోతుంది కాబట్టి. కరగదు. కరగకుండానే లోపలున్న సన్నని రేణువులు ఒకదాన్నొకటి అంటుకుని, మధ్యనున్న ఖాళీలు మూసుకుపోతాయి. పచ్చిగా ఉన్నప్పుడే కుంచెతో రంగు వేయాలి. వేసేటప్పుడు ఆ రంగు కంటికి సరిగ్గా తెలియదు, కాలి బయటికి వచ్చాకే ఎంత తేలిందో చూడాలి. అందుకే రంగు పని వచ్చినవాడికి మా దగ్గర మర్యాద ఎక్కువ, నాకు అది వచ్చు.

పాత బట్టీ కరెంటుది. లోపలి కడ్డీలు కాగి, ఆ వేడి పన్ను పైనుంచి లోపలికి మెల్లగా దిగాలి. తొందరపెడితే పగులుతుంది. సాయంత్రం పెడితే మర్నాడు పొద్దున తీసేవాళ్ళం. కొలతకి ఒకరోజు, బట్టీకి ఒకరోజు, బిగించడానికి ఒకరోజు, మొత్తం మూడు రోజుల పని. ఆ లెక్క అక్కకి కూడా తెలుసు, నేనే ఎప్పుడో చెప్పాను.

తర్వాత భాయ్ మైక్రోవేవ్ బట్టీ కొన్నాడు. ఇళ్ళల్లో అన్నం వేడిచేసుకునే పెట్టెలో ఉండే తరంగాలే, జోరు ఎక్కువ. వేడి బయటినుంచి లోపలికి దిగే దాకా ఆగదు, తరంగాలు నేరుగా పదార్థంలోకి దూరి దాన్నే కాగేట్టు చేస్తాయి. చల్లగా ఉన్న జిర్కోనియా మాత్రం వాటిని పట్టించుకోదు. అందుకని చుట్టూ నల్లటి సిలికాన్ కార్బైడ్ వలయం ఉంటుంది. ముందు అది కాగి పన్నుకి వేడి అంటిస్తుంది. ఆ మెట్టు దాటాక పన్ను తనంతట తానే కాగుతుంది. రెండు గంటలు తిరక్కుండా బయటికి తీసి చేతిలో పట్టుకోవచ్చు.

భాయ్ డబ్బు పెట్టి కొన్నాడే కానీ నమ్మలేదు. మిషన్ అమ్మేవాడు చెప్పింది వాడి మాట, మనం చేసి చూసింది మన మాట అన్నాడు. పళ్ళు చెక్కగా మిగిలిన బిళ్ళల్లోంచి చిన్నచిన్న పలకలు కోసి, ఒకే బిళ్ళవి రెండేసి తీసుకుని, ఒకటి నిదానం బట్టీలో, ఒకటి తొందర బట్టీలో పెట్టి చూడమన్నాడు. ఆ పేర్లు ఆయనవే. నేను ఒక పొడుగాటి నోటుపుస్తకం తెచ్చి గళ్ళు గీశాను. కుంచించుకున్నది ఎంత, గాల్లో బరువెంత, నీళ్ళలో బరువెంత, ఎంత బరువుకి విరిగింది, రంగు ఎలా తేలింది. విరిగిన ముక్కల్ని నాకు తెలిసిన ఒక లెక్చరర్ తీసుకెళ్ళి కాలేజీలో పెద్ద మైక్రోస్కోపు కింద ఫోటోలు తీసి ఇచ్చాడు. జొన్నలు పరిచినట్టు కనిపించాయి ఆ ఫోటోల్లో. నిదానం బట్టీవి కాస్త లావు గింజలు, తొందర బట్టీవి సన్నగా, ఒత్తుగా. వేడిలో ఎక్కువసేపు ఉంటే పెద్ద గింజలు పక్కనున్న చిన్నవాటిని కలుపుకుని ఇంకా పెద్దవవుతాయట. తొందర బట్టీ వాటికి అంత సమయం ఇవ్వదు. గింజ సన్నగా ఉంటే పగులుకి దారి సులువుగా దొరకదని చెప్పాడు. మేం విరిచి చూసినవాటిలో కూడా తొందర బట్టీ పలకలు ఎక్కడా తీసిపోలేదు, కొన్ని ఎక్కువే ఆగాయి. రంగు దగ్గర మాత్రం తేడా వచ్చింది. గోధుమరంగు ఒక్కటి తొందర బట్టీలో కాస్త లేతగా తేలేది.

ఆ నోటుపుస్తకం నిండేసరికి నాకు కొత్త బట్టీ అంటే పిచ్చి పట్టింది. వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ అదే చెప్పేవాణ్ణి. నిదానం బట్టీ మీద గుడ్డ కప్పి పెడదామని కూడా అన్నాను. భాయ్ వద్దన్నాడు, ఎందుకో చెప్పలేదు.

అలాంటి రోజుల్లో అక్క దొడ్లో పాచి మీద జారి కొళాయికి కొట్టుకుంది. ముందు పన్ను సగానికి విరిగింది. రాజంపేటలో పళ్ళ డాక్టర్లు లేకపోలేదు. కానీ మా తమ్ముడు ఆ పనిలోనే ఉన్నాడు, వాడైతేనే కుదురుతుంది అని ఇంట్లో చెప్పి ఒప్పించింది. ఎన్ని రోజులు అని బావ అడిగితే, మూడు రోజులు అని చెప్పింది.

సాయంత్రం బస్సు దిగింది. బరువైన సంచి, ఇంకో చేతిలో నిమ్మకాయల బుట్ట. నా గదిని చూసి, గోడ మీది మేకుల్ని కూడా లెక్కబెట్టినట్టు చూసి, పొయ్యి తోముకుని, బొరుగులు నానేసి ఉగ్గాని చేసింది. తింటుంటే ఏదో చెప్పడం మొదలుపెట్టింది, మా ఊళ్ళో పక్కింటామె మేక సంగతి. తొమ్మిదికల్లా డాక్టరు దగ్గర ఉండాలి, పడుకో అక్కా అన్నాను. ఆ మేక సంగతి నేను ఇప్పటికీ పూర్తిగా వినలేదు.

పొద్దున్న డాక్టరు విరిగిన పన్ను అరగదీసి కొలత తీశాడు. ఇప్పుడు కొలత అంటే పేస్టు కొరికించడం లేదు, నోట్లో చిన్న కెమెరా తిప్పితే కంప్యూటర్లో నోరంతా బొమ్మగా వస్తుంది. అక్కడినుంచి షేర్ ఆటోలో ల్యాబ్‌కి తీసుకొచ్చాను. నా మనసులో ఒక ఆలోచన ఉంది. ముందున్న నాలుగు పళ్ళకీ తెల్లటి తొడుగులు వేసేద్దాం, ఇక చెయ్యి అడ్డం పెట్టుకునే పని ఉండదు అనుకున్నాను. చెప్తే పొంగిపోతుందనుకున్నాను. అది తల అడ్డంగా ఊపింది.

“తెల్లగా పెడితే ఎవురిదో తెచ్చి పెట్టినట్టుంటాది. నాది నాకే కావల్ల. మన ఊరిది.”

ఇన్నేళ్ళు దాచుకున్న చారలే కావాలంటుందేమిటని నాకు కోపం వచ్చింది. భాయ్ మాత్రం, అడిగినట్టు చెయ్యప్పా అన్నాడు. సరేనని కాగితం, పెన్సిలు తీసుకుని కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను. పక్క పన్ను చూస్తూ ఆ చార వంపు ముందు కాగితం మీద దించుకోవాలి. నోరు తెరవమంటే తెరిచేది, నేను దగ్గరికి వంగగానే చెయ్యి వచ్చి అడ్డం పడేది. నాలుగైదుసార్లు చెయ్యి దించాను. ఆఖరికి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. దాని పళ్ళని అంతసేపు నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. అచ్చం నావే. చార మొదలయ్యే చోటు కూడా అదే. కాగితం మీద ఆ వంపుని ఇంకోసారి దిద్దాను.

నోటుపుస్తకం కోసం రెండు బట్టీల్నీ పోల్చి చూసిన అలవాటు కొద్దీ అవే కొలతలతో రెండు పళ్ళు చెక్కాను, రెండిటికీ ఒకే చేత్తో రంగు వేశాను. ఒకటి దీపం కింద బాగా ఆరబెట్టి తొందర బట్టీలో పెట్టాను. రెండోది సాయంత్రం నిదానం బట్టీకి అని పక్కన పెట్టాను. అక్క బట్టీ ముందు స్టూల్ వేసుకుని కూర్చుంది. ఎంతసేపు పడుతుందని అడిగింది. ఇంకో గంటన్నర అని, గొప్పగా, ఆ యంత్రం నేనే కనిపెట్టినట్టు చెప్పాను.

“ఇంత బిన్నా ఐపోతాదా?” అంది.

అంత త్వరగానా అని ఆశ్చర్యపోతోంది అనుకున్నాను. నోటుపుస్తకం తెచ్చి గింజల ఫోటోలు చూపించాను. చూసింది పాపం, ప్రతి ఫోటో చూసింది.

మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. అక్క చేతులు కడుక్కుంటుంటే నేనే ఎత్తాను. ఎట్లుంది పని అని ఆయన అడిగాడు. మామూలుగా అడిగాడు, తొందరపెట్టలేదు, ఆ సంగతి కూడా చెప్పాలి. నేనే ఉత్సాహం ఆపుకోలేక, అయిపోయింది బావా, మా దగ్గర కొత్త మిషన్ వచ్చింది, మూడు రోజుల పని మూడు గంటల్లో, రెండున్నర బస్సుకి ఎక్కిస్తా అన్నాను. అయితే మేలే, రేపు నిమ్మకాయల కోతకి మనిషి తక్కువగా ఉందని ఆయన సంతోషపడ్డాడు. నేను ఫోన్ పెట్టేసరికి అక్క గుమ్మంలో నిలబడి చేతులు కొంగుతో తుడుచుకుంటోంది.

డాక్టరు పన్ను బిగించి అద్దం ఇచ్చాడు. అక్క చాలాసేపు చూసుకుంది. చార కొంచెం లేతగా ఉండాది కదరా అంది. నిజమే, లేతగా ఉంది. నిదానం బట్టీలో పెట్టేదానికి రంగు సరిగ్గా తేలుతుందని, అది రేపు పొద్దునకి వస్తుందని చెప్పాను.

“అయితే ఉండి, రేపు అది చూసి పోదునా?”

ఈ మాట ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నానో చెప్పలేను. అక్క జీవితంలో నన్ను ఏదైనా అడగడం తక్కువ. అడిగింది. నేనేమన్నానంటే, దేనికక్కా, గట్టితనంలో ఇదే మేలు, ఆ తేడా నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు అన్నాను. పద, బస్సు పోతుంది అన్నాను.

సంచి పైకి అందిస్తూ, ఒక్కరోజుకి ఇంత బరువేంది అక్కా, ఇల్లంతా మోసుకొచ్చినావా అని ఎగతాళి చేశాను. కిటికీలోంచి నవ్వింది. చెయ్యి యథాప్రకారం నోటికి అడ్డం వచ్చింది.

సాయంత్రం రెండో పన్ను నిదానం బట్టీలో పెట్టి గదికి వెళ్ళాను. పొయ్యి పక్కన గిన్నె మీద మూత కనిపించింది. తీస్తే అలసందలు, నిండా నానబెట్టి ఉన్నాయి, ఉబ్బి గిన్నె అంచుదాకా వచ్చాయి. పొద్దున్న నేను స్నానం చేస్తుండగా నానేసి ఉంటుంది, ఇద్దరికి సరిపోయేవి కాదు, నలుగురికి సరిపోయేవి. అలసంద వడలు నాకు ప్రాణమని దానికి తెలుసు. ఊరికి పోయే తొందరలో మరిచిపోయింది అనుకున్నాను నేను. అంత మొద్దు బుర్ర నాది. వడలు చేయడం చేతకాక, ఉప్పేసి ఉడకబెట్టుకుని రెండు రోజులు తిన్నాను.

మర్నాడు రెండో పన్ను తీశాను. చార ముదురు, వంపు, కింద సన్న గీత, అన్నీ అక్క నోట్లో ఉన్నవే. ఫోటో తీసి పంపాను. దానికి టైపు చేయడం రాదు, మాట రికార్డు చేసి పంపింది. బాగుండాదిరా, పారేయొద్దు, దాచిపెట్టు, దీనికేమన్నా అయితే వస్తా అని. వెనక ఎవరో పాలు పాలు అని కేకేయడం కూడా వినిపించింది అందులో.

మూడు నాలుగు నెలల తర్వాత ఫోన్ చేసింది. పన్ను కదుల్తాండాది రా, ఒకసారి వచ్చి చూపించుకోవల్లేమో అంది. నేను పనిలో ఉండి ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్‌లో మాట్లాడుతున్నాను. అవతల బావ కూడా ఉన్నాడు. వీడియో కాల్ చేయమని, బావ చేత లైటు పట్టించి, వేలితో అటూ ఇటూ ఒత్తి చూపించమన్నాను. పన్ను ఇసుమంతైనా కదల్లేదు. చిగురు కూడా ఆరోగ్యంగా ఉంది. సొంత పని మీద అనుమానం రావడం నాకు నచ్చలేదు కూడా. ఏమీ కాలేదక్కా, సిమెంటు గట్టిగా పట్టింది, దానికోసం అంత దూరం రావాల్సిన పని లేదు అని నిపుణుడి గొంతుతో చెప్పాను. బావ నవ్వి, మీ అక్కకి అనుమానాలు ఎక్కువ అన్నాడు. సరే నాయనా అంది అక్క.

భాయ్ తన బల్ల దగ్గర ఏదో అరగదీస్తున్నాడు. యంత్రం ఆపి, కళ్ళద్దాలు తీశాడు.

“ఏమప్పా, మీ అక్క పన్ను గురించి ఫోన్ చేసిందనుకుంటాండావా?”

అంతే అన్నాడు, మళ్ళీ యంత్రం వేసుకున్నాడు. మూడు రోజుల బట్టలతో వచ్చిన ఆ బరువు సంచి, అలసందలు, రేపు చూసి పోదునా అన్న మాట, అన్నీ అప్పుడు ఒక్కసారిగా అర్థమయ్యాయి. అందరి నోళ్ళూ చూసి ఊరి పేరు చెప్పే మనిషి దగ్గర ఇన్నేళ్ళు పని నేర్చుకుని, మా అక్క ముఖం చూసి నేను ఏమీ చెప్పలేకపోయాను.

మర్నాడే ఫోన్ చేశాను. రా అక్కా, దగ్గరినుంచి చూస్తేనే తెలుస్తుంది, నేనే బావకి చెప్తా అన్నాను. పక్కన ఎవరూ లేనట్టున్నారు, ఉన్నమాట చెప్పింది.

“ఇప్పుడేం చెప్పి వచ్చేదిరా. ఏమీ కాలేదని ఆయప్ప ముందరే అంటివి కదా. ఎండాకాలం పోనీలే.”

గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. మామిడికాయ పచ్చడి పంపిస్తానని చెప్పి పెట్టేసింది.

ఎండాకాలం పోలేదు. జ్వరమన్నారు, మామూలు జ్వరమే అన్నారు, తర్వాత కడపలో ఆసుపత్రిలో చేర్చామన్నారు. నేను బస్సులో నంద్యాల దాటుతుండగా బావ ఫోన్ చేసి ఏడ్చాడు. అహోబిలం వైపు మలుపు దగ్గర బస్సు ఆగితే దిగి రోడ్డు పక్కన నిలబడ్డాను, ఎక్కడికి పోవాలో ఒక నిమిషం తెలియలేదు. కండక్టరు వచ్చి చెయ్యి పట్టుకుని ఎక్కించాడు.

వాళ్ళింట్లో దహనం ఆచారం. మూడో రోజు బూడిదలోంచి ఎముకలు ఏరుతుంటే, బావ తమ్ముడికి ఒక పన్ను దొరికింది. మిగతావన్నీ ముట్టుకుంటే పొడి అవుతుంటే అది మాత్రం తళతళలాడుతూ ఉంది. ఇదేంది, కాలలేదే అని అందరూ వింతగా చూశారు. మా తొందర బట్టీ వేడి ముందు చితి వేడి చాలా తక్కువ. నాకు ఆ లెక్క తెలుసు, అక్కడ చెప్పాలనిపించలేదు. అరచేతిలో పెట్టుకుని చూశాను. లేత చార. నీళ్ళు చల్లి, మిగతావాటితో పాటే కుండలో వేశాను.

అక్క నవ్వుతున్న ఫోటో మా ఇద్దరి ఇళ్ళలో ఎక్కడా దొరకలేదు. కానీ ల్యాబ్ కంప్యూటర్లో ఆ రోజు డాక్టరు తీసిన కొలత ఉంది. పాత ఫైళ్ళు తీసేసేటప్పుడల్లా దాన్ని ఇంకో చోటికి మార్చి పెట్టుకుంటాను. తెరిస్తే పైవరస, కింది వరస, చిగుళ్ళు అన్నీ వస్తాయి. మౌస్‌తో ఇటు తిప్పి అటు తిప్పి చూస్తాను. అందులో చెయ్యి అడ్డం లేదు. అక్క ఇంకో రెండు రోజులు నా గదిలో ఉండి ఉంటే ఏం చెప్పేదో, ఆ మేక ఏమైందో, వడలు ఎన్ని తినేవాణ్ణో అనుకుంటూ కూర్చుంటాను. నాకు అది కావాలి. ఇంకేమీ వద్దు, ఆ రెండు రోజులు కావాలి. వాటిని ఇవ్వగలిగి ఉండేది నేను గుడ్డ కప్పి పెడదామన్న ఆ నిదానం బట్టీయే.

ఈ మధ్య ఆలూరు అవతల నుంచి ఒకామె వచ్చింది, రంగు చూపించుకోవడానికి. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. వెంట వాళ్ళమ్మ. ఆ తల్లి ఉండేది కల్లూరులోనే, మా వీధికి రెండు వీధులవతల. పన్ను చెక్కడం అయిపోయింది, రంగు ఆరింది, తొందర బట్టీ ఖాళీగానే ఉంది. తల్లి మంచినీళ్ళు తాగడానికి బయటికి వెళ్ళినప్పుడు అడిగాను.

“ఇంట్లో ఎన్ని రోజులని చెప్పి వచ్చినావమ్మా?”

ఆమె నావైపు చూసింది. తర్వాత గుమ్మం వైపు చూసింది.

“నాలుగు దినాలని చెప్పినా, అన్నా.”

అంతలో ఆమె చేతిలో ఫోన్ మోగింది. వాళ్ళాయన. ల్యాబ్ ఆయనకి ఇమ్మన్నాడేమో, నాకు అందించింది. ఎంతవరకు వచ్చింది, మిషన్ ఏదో ఉందంట కదా, ఈరోజే అవుతుందా అని అడిగాడు. భాయ్ తన బల్ల దగ్గర తల ఎత్తలేదు. నేను పన్నుని నిదానం బట్టీ గిన్నెలో పెట్టి మూత వేశాను.

కాదన్నా, నాలుగు రోజులు పడుతుంది అని చెప్పాను.